చిత్తడి మీద పరిచిన రొట్ట

మా అమ్మమ్మ ఎక్సిల్దా మంచు కురిస్తే దిగులుపడుతుంది. కురవకపోతే ఇంకా దిగులుపడుతుంది. ఆకాశం నీలంగా ఉండి, గాలి లేకుండా, చలి సమంగా ఉన్న రోజున కిటికీ దగ్గర నిలబడి "ఇంత బాగుందంటే ఏదో రాబోతోంది" అంటుంది. ఏడో తరగతిలో బడి మానేసిన దాన్ని, నాకు లెక్కలు అంతంత మాత్రం. అయినా డెబ్బై ఒక్క ఏళ్లలో ఆవిడ నిశ్చింతగా గడిపిన రోజులు లెక్కపెట్టడానికి నా చేతి వేళ్లు చాలు. బొటనవేలు మిగిలిపోతుంది కూడా.

ఆ దిగులంతా ఒక్క బాట కోసం. మా ఇంటి వెనక మేపుల్ తోపు రెండు వాలుల మీద ఉంది. ఇవతలి వాలు ఇంటికీ, పాకం కాచే పాకకీ దగ్గర. అక్కడివి చిన్న చెట్లు. అవతలి వాలు మీదివి తాత వాళ్ల తాత నాటివి, నాలుగు వందల చెట్లు. చెట్టుకు కన్నం పెడితే కారే తీపి నీళ్లను కాచి పాకం చేస్తాం, ఏటా ఆ పాకంలో సగానికి పైగా వాటి నీళ్లే. రెండు వాలుల మధ్య సీడర్ చెట్ల కింద చిత్తడి. దాటడానికి నూట ఇరవై అడుగులు వెయ్యాలి, అంతే. కానీ అడుగున ఊటలున్నాయి. ఆ ఊటలకు చలికాలం వచ్చిందని ఎవరూ చెప్పలేదు. మార్చిలో చెట్లకు నీళ్లు దిగడం మొదలయ్యాక, పీపా కట్టిన జారుడు బండిని మా ఆడగుర్రం ఫరీన్ ఆ చిత్తడి మీదుగా లాక్కురావాలి. నిండిన పీపా గుర్రం కంటే బరువు. కింద నేల రాయిలా గడ్డకట్టి ఉంటే దాటుతుంది. లేకపోతే లేదు.

అమ్మమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి మార్చిలో, మామగారి నల్లగుర్రం ఆ చిత్తడిలో దిగబడింది. పైన మంచు గట్టిగానే కనిపించిందట. కింద నేల గట్టిపడలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలకలు, మోకులు, పక్కింటి వాళ్ల గుర్రాలు. పందొమ్మిదేళ్ల కొత్త కోడలు దాని తల ఒళ్లో పెట్టుకుని, ముక్కు బురదలో మునగకుండా పట్టుకుని కూర్చుంది. బయటికి లాగి చూస్తే ముందు కాలు విరిగి ఉంది. మామగారు తుపాకీ తేవడానికి ఇంటికి వెళ్లాడు. ఇదంతా నాకు తాత చెప్పాడు. అమ్మమ్మను అడిగితే "గుర్రం పోయింది, ఇంకో గుర్రాన్ని కొన్నారు" అని తేల్చేస్తుంది. కానీ ఆ మరుసటి చలికాలం నుంచి యాభై ఏళ్లకు పైగా ఆ బాట తొక్కేది ఆవిడే. ఇంకొకరిని తొక్కనివ్వదు. తొక్కనిచ్చినా వెనకాలే వెళ్లి మళ్లీ తొక్కుతుంది.

మంచు ఆగిన గంటలోపలే బయల్దేరుతుంది. తాత పాత ప్యాంటు మీద తన గౌను, దాని మీద తాత కోటు, తలకు రెండు శాలువాలు, కాళ్లకు తోలు పట్టీలు అల్లిన చేటలంత మంచు చెప్పులు. దూరం నుంచి చూస్తే చాకలి మూట లేచి నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ మాట ఆవిడ ముందే అంటాను.

"నవ్వవే, నవ్వు. మూతి అలాగే బిగుసుకుపోతుంది. అప్పుడు నిన్నెవడు చేసుకుంటాడో చూస్తాను" అంటుంది.

వెళ్లేటప్పుడు బాట కుడి అంచు, వచ్చేటప్పుడు ఎడమ అంచు, మళ్లీ నడుమ. అడుగు పక్కన అడుగు, మధ్యలో వేలు దూరే సందు ఉండకూడదు. మరునాడు ఫరీన్‌కి దుంగ కట్టి అదే బాట మీద ఈడ్పిస్తుంది. గాలికి మంచు కొట్టుకొచ్చి బాటను కప్పేసినా ఎక్కడుందో తెలియాలి కాబట్టి, చిన్న సూదాకుల ఫర్ మొక్కలు నరికి కుడి పక్కన వరసగా గుచ్చుతుంది. ఇంత తొక్కుడు ఎందుకంటే, వదులు మంచు దూది లాంటిది. దూది కప్పుకున్న నేలకు చలి వెయ్యదు. తొక్కి అట్టలా చేస్తే చలి కిందికి దిగి ఊట బురదను కూడా గడ్డకట్టిస్తుంది. ఆ తర్వాత మార్చిలో ఎండ చురుక్కుమనడం మొదలయ్యాక, గట్టిపడిన బాట కరిగిపోకుండా చిత్తడి మీద ఫర్ రొట్ట పరుస్తుంది. రొట్ట కింద బాట ఇంకో పది, పన్నెండు రోజులు నిలుస్తుంది. ఇవన్నీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ ఘనకార్యం చేశాను.

ఆ ఏడు నాకు ఇరవై. మా అమ్మ పట్నంలో బట్టల మిల్లులో పనిచేసేది. నేను తాత దగ్గరే ఉండి గుర్రం పనీ, కట్టెల పనీ చూసుకునేదాన్ని. ఆ ఏడు చలికాలం తలకిందులుగా వచ్చింది. నేల గట్టిపడకముందే నవంబరులో నడుమెత్తు మంచు పడింది. జనవరిలో వాన. ఫిబ్రవరిలో మళ్లీ మంచు, మధ్య మధ్యలో మెత్తటి రోజులు. అమ్మమ్మ రోజూ గునపం భుజాన వేసుకుని చిత్తడికి వెళ్లి, బాట నడుమ పొడిచి చూసి వచ్చేది. నేల గట్టిపడితే గునపం ఠంగుమని ఎగిరిపడాలి. ఆ ఏడు అది మెత్తగా దిగుతూనే ఉంది.

"నువ్వు రోజూ పొడిస్తే అది ఎలా గడ్డకడుతుందే? దాన్ని కాస్త పడుకోనియ్యి" అన్నాడు తాత. తాత పేరు దొనా. తుంటి అరిగిపోయి పొయ్యి పక్క కుర్చీకి అతుక్కుపోయాడు గానీ నోరు మాత్రం ఇంకా అరగలేదు.

"మీరు మాట్లాడకండి. మీ నాన్న కూడా ఇలాగే అన్నాడు" అంది అమ్మమ్మ. ఆ మాటతో తాత నోరు మూసుకున్నాడు. ఏళ్ల తరబడి మూసుకుంటున్నాడు, అయినా అలవాటు కాలేదు.

ఫిబ్రవరి ఆఖరున అసలు చలి వచ్చింది. పొద్దున లేచేసరికి గోడల లోపలి వైపు మేకులకు మంచు పట్టేది. క్యూబెక్ నుంచి వచ్చే రేడియోలో ఈ చలి మార్చి పదో తేదీ దాకా ఉంటుందన్నారు. అదే ఆఖరి ఆశ. ఆ పది, పన్నెండు రోజుల్లో చిత్తడి గట్టిపడాలి, లేకపోతే అవతలి వాలు ఆ ఏటికి లేనట్టే. సరిగ్గా అప్పుడే అమ్మమ్మ జ్వరంతో మంచం పట్టింది. డాక్టరు వచ్చి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, రెండు వారాలు గడప దాటకూడదని, ఆ తర్వాత కూడా బరువులు మోయకూడదని చెప్పి వెళ్లాడు. ఆవిడ నిమోనియాకి భయపడలేదు. బాటకి భయపడింది.

"కొలెట్, ఇలా రా" అని మంచం మీంచే పిలిచేది నన్ను. "కుడి అంచు తొక్కావా?"

"తొక్కాను."

"ఎడమది?"

"తొక్కాను అమ్మమ్మా. నడుమ కూడా. కావాలంటే నీ పేరు కూడా రాసి వచ్చాను మంచు మీద."

"వెటకారం వద్దు. అడుగు పక్కన అడుగేనా? నీకు కాళ్లు పొడుగు, అంగలేస్తావు."

"చీమలా నడిచాను."

నిజంగానే చీమలా నడిచాను. రెండు సార్లు మంచు పడింది, రెండు సార్లూ ఆగిన గంటలో వెళ్లాను. దుంగ ఈడ్పించాను. గుచ్చిన ఫర్ మొక్కలు వాలిపోతే సరిచేశాను. చిత్తడి మీద బాట పళ్లెంలా మెరిసింది. అది చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ముచ్చటేస్తే నేను ఆగను, అదే నాకున్న జబ్బు. ఎలాగూ పది రోజులు పోతే రొట్ట కొట్టి పరచాలి, ఆ పని ఇప్పుడే చేసేస్తే అమ్మమ్మ లేచేసరికి అంతా సిద్ధంగా ఉంటుంది కదా అనుకున్నాను. మార్చి రెండో తేదీ పొద్దంతా గొడ్డలితో ఫర్ కొమ్మలు కొట్టి, ఆ నూట ఇరవై అడుగుల మీదా జానెడు మందాన పరిచాను. పచ్చటి పరుపులా ఉంది. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఒక వారం గడిచాక, పప్పు బఠాణీ సూపు తింటూ ఆ సంగతి తాతకి గొప్పగా చెప్పాను. ఈస్టరు ముందు ఉపవాసకాలం కదా అని తాత పైపు మానేశాడు. పొగాకు లేని పైపు నోట్లో పెట్టుకుని నములుతుండేవాడు. నమలడం ఆపాడు.

"ఎప్పుడు పరిచావు?"

"రెండో తేదీన."

"ఇవాళ ఎంత?"

"తొమ్మిది."

తాత గొంతు తగ్గించి, అమ్మమ్మ గది వైపు ఒకసారి చూశాడు. "పిల్లా, నీకు చలేస్తే దుప్పటి కప్పుకుంటావు. చలి లోపలికి రాకూడదని. అవునా?"

"అవును."

"మరి ఆ చలి రావాలనే కదా మీ అమ్మమ్మ చలికాలమంతా చచ్చేది. నువ్వు వెళ్లి దుప్పటి కప్పొచ్చావు."

నా నోట్లో సూపు అలాగే ఉండిపోయింది. రొట్ట ఎండను ఆపుతుందని తెలుసు. చలిని కూడా ఆపుతుందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మాట అని ఎవరూ అనుకోలేదు. మా వైపు నాలుగేళ్ల పిల్లకి కూడా తెలిసిన సంగతి అది.

"ఆవిడతో చెప్పెయ్" అన్నాడు తాత.

"నువ్వు చెప్పు."

"నేనా? పెళ్లై యాభై ఏళ్లు దాటింది, ఇంకొన్నాళ్లు బతుకుదామనుకుంటున్నాను."

మరునాడు పొద్దున్నే గునపం తీసుకుని పరిగెత్తాను. రొట్ట పక్కకి తీసి పొడిచాను. పైన జానెడు గట్టిగా ఉంది. ఆ కిందికి గునపం వెన్నలోకి దిగినట్టు దిగింది. బయటికి తీస్తే మొనకు నల్లటి బురద.  అప్పుడైనా ఆ రొట్టంతా తీసి పారేసి ఉంటే ఒక రాత్రి చలైనా దక్కేది. నేనేం చేశానంటే, దొంగలా అటూ ఇటూ చూసి, రొట్టను మళ్లీ యథాప్రకారం పరిచి, పొడిచిన గుంట మీద మంచు కప్పి వచ్చాను. అమ్మమ్మ కంట పడకూడదని తప్ప నా బుర్రలో వేరే ఆలోచన లేదు.

ఆ సాయంత్రమే ఆవిడ లేచి కూర్చుంది.

"రొట్ట పరిచావటగా. మీ తాత నోరు జారాడు. ఎప్పుడు?"

తాత కిటికీ వైపు తిరిగి, బయట ఏదో పక్షి ఉన్నట్టు చూస్తున్నాడు.

"నిన్న" అన్నాను.

"కాస్త తొందరపడ్డావు. అయినా పర్వాలేదులే, ఎండ ముదిరింది." నా చెయ్యి పట్టుకుని నొక్కింది. "నేను లేకపోయినా బాట నిలిచిందన్నమాట."

నా జీవితంలో నాకు తగిలిన దెబ్బలన్నిటి కంటే ఆ నొక్కుడు గట్టిగా తగిలింది.

మరునాడే గాలి దక్షిణానికి తిరిగింది. చూరు కారడం మొదలైంది. మా పక్క పొలం యూక్లిడ్ గుమ్మంలోకి వచ్చి, బూట్ల మంచు దులపకుండానే, "మా వైపు బకెట్లలో టక్ టక్‌మని పడుతోంది. మీరింకా ప్రార్థనల్లోనే ఉన్నారా?" అన్నాడు. యూక్లిడ్ మంచి మనిషి. పక్కవాళ్లు వెనకబడితే ఇంకా మంచిగా మాట్లాడతాడు.

ఆ రోజూ మరునాడూ నేను మంచు చెప్పులతో రెండు వాలులూ తిరిగి చెట్లకు కన్నాలు పెట్టి, గొట్టాలు దిగగొట్టి, బకెట్లు తగిలించాను. చిత్తడి దాటినప్పుడల్లా నా అడుగులు నాకే వినిపించేవి. మనిషిని మోస్తుంది. నన్ను మోయడం పెద్ద సంగతి కాదు. అవతలి వాలు మీద నీళ్లు బకెట్లలో సగానికి పైగా వచ్చాయి. మూత ఎత్తి చూసినప్పుడల్లా సంతోషించాల్సింది పోయి, గబుక్కున మూసేసేదాన్ని. అవి నిండుతున్నాయి. తెచ్చుకోవడానికి దారి లేదు. లేదని నాకూ తాతకీ తప్ప ఎవరికీ తెలియదు.

పదమూడో తేదీ పొద్దున అమ్మమ్మ కోటు తొడుక్కుంది. డాక్టరు వద్దన్నాడని నేనూ తాతా ఒకేసారి అన్నాం. మేమిద్దరం ఒక మాట మీద ఉండటం చూసి ఆవిడకు అనుమానం రావాల్సింది. రాలేదు. గునపం తీసుకుని వెళ్లింది. నేను వెనకాలే.

చిత్తడి అంచున రొట్ట కాలితో పక్కకు నెట్టి పొడిచింది. నాలుగడుగులు ముందుకెళ్లి మళ్లీ పొడిచింది. నడుమ మూడు చోట్ల పొడిచింది. గునపం బయటికి తీసి మొన చూసింది. వేలితో బురద తుడిచింది.  దగ్గు వస్తే గునపానికి ఆనుకుని దగ్గింది.

"ఇంటికి పోదాం" అంది.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చుంది.

"అయిపోయిందండీ" అంది తాతతో. "నాకిక చేతకాదు. నవంబరు నుంచి నేనే తొక్కాను. బాగానే తొక్కాననుకున్నాను. కాళ్లలో బరువు లేనట్టుంది. నేల దాకా దిగే అడుగు పడటం లేదు. గట్టిపడిందో లేదో కూడా చెప్పలేకపోయాను. మంచంలో పడుకుని బాట నిలిచిందని ఈ పిల్లతో అన్నాను, సిగ్గు లేకుండా."

"ఎక్సిల్దా—" అన్నాడు తాత.

"వద్దు. ఫరీన్‌ని దాంట్లోకి తోలను. ఆ వాలుకి యూక్లిడ్ వాళ్ల వైపు నుంచి దారి ఉంది. అతనికి ఇచ్చేద్దాం. ఈ ఏడు మాత్రమే కాదు. ఎప్పటికీ. నీళ్లు అతను తీసుకుంటాడు, చెట్లయినా ఎండిపోకుండా చూస్తాడు. రేపు పిలిచి మాట్లాడండి."

తాత నా వైపు చూశాడు. పైపు నమలడం లేదు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే తట్టుకునేదాన్ని. కోపం లేదు, వేచి చూస్తున్నాడు.

"పదకొండు రోజులు" అన్నాను.

"ఏంటి పదకొండు?"

"రొట్ట పరిచి పదకొండు రోజులైంది అమ్మమ్మా. రెండో తేదీన పరిచాను. నిన్న పరిచానని నీతో అబద్ధం చెప్పాను. పదో తేదీన నేనూ గునపంతో పొడిచి చూశాను. మెత్తగా ఉంది. మళ్లీ కప్పేశాను."

 పొయ్యి మీద కెటిల్ మూత టకటకమంటోంది. ఎవరూ తీయలేదు.

"రెండో తేదీనా" అంది అమ్మమ్మ చివరికి. "అంటే చలి మొదలైన నాలుగో రోజున."

"అవును."

"ఆ చలంతా రొట్ట మీదే కూర్చుందన్నమాట."

"అవును."

ఆవిడ మొహంలో ఏదో సడలింది. ఒక్క క్షణం సంతోషమేమో అనిపించింది, సంతోషమే. తన కాళ్ల తప్పు కాదని తెలిసింది కదా. మరుక్షణం గిన్నెలు తుడిచే గుడ్డ తీసి నా చెవి మీద ఒక్కటిచ్చింది. తడి గుడ్డ. మండింది.

"గాడిదా. నేను చేతకానిదాన్నయ్యానని ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డావా? మీకు తెలుసా?" ఆ రెండోది తాతకి.

"తెలుసు" అన్నాడు తాత. "కానీ నేను కుర్చీలో ఉన్నాను."

"కుర్చీలో ఉంటే నోరు పోయిందా? యాభై ఏళ్లలో మొదటిసారి అవసరం పడింది ఆ నోటితో."

ఆ మధ్యాహ్నమే నేనూ అమ్మమ్మా వెళ్లాం. రొట్ట ఒక్క కొమ్మ మిగలకుండా తీసి పక్కకు పోశాం. అమ్మమ్మ అక్కడితో ఆగలేదు. బాట మీది మంచులో సగం పారతో చెక్కించింది.

"పల్చగా ఉంటే చలి తొందరగా దిగుతుంది" అంది.

"ఎండ వస్తే తొందరగా కరుగుతుంది కూడా కదా?"

"వస్తే కరుగుతుంది. వచ్చాక ఏడుద్దాం. చెక్కు."

సాయంత్రం గాలి ఉత్తరానికి తిరిగింది. మూడు రాత్రులు చలి పడుతుందని రేడియో చెప్పింది. మూడు రాత్రులు. చలికాలమంతా అయిన పని మూడు రాత్రుల్లో అవ్వాలి. అమ్మమ్మ పొద్దున లేవగానే గోడకున్న థర్మామీటరు ముందు నిలబడేది. ఎర్ర గీత కింద ఉంటే "ఇంకా కిందికి పోవాలి" అనేది. బాగా కింద ఉంటే "ఇంత కిందికి పోతే మధ్యాహ్నానికి లేస్తుంది" అనేది. సెయింట్ జోసెఫ్ బొమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించింది. ఆయన పండగ పంతొమ్మిదో తేదీ.

"పండగకి ఇంత ముందే అడిగితే ఆయనకి ఇబ్బంది" అన్నాడు తాత.

"ఆయన వడ్రంగి. గడువు తెలిసినవాడు" అంది.

అవతలి వాలు మీద మధ్యాహ్నాల్లో నీళ్లు దిగుతూనే ఉన్నాయి, కొద్దికొద్దిగా. బకెట్లు అంచుల దాకా వచ్చాయి. నాలుగైదు చెట్ల దగ్గర మూత ఎత్తితే మంచుపెళ్ల బకెట్ పైకి పొడుచుకొచ్చి ఉంది. చలి తగ్గి ఎండ కాస్తే అదంతా నేలపాలే. చలి ఉంటే నీళ్లు నిలుస్తాయి, కానీ దిగవు. చలి పోతే నీళ్లు దిగుతాయి, కానీ బాట పోతుంది. నాకు తిండి సయించలేదు. నేను పళ్లెంలో తిండి వదిలేయడం ఇంట్లో అందరూ మొదటిసారి చూశారు.

పదహారో తేదీ పొద్దున ఫరీన్‌కి పీపా కట్టకుండా ఒట్టి జీను వేసి, అమ్మమ్మ పగ్గం పట్టుకుని నడిపించింది. నేను గునపంతో ముందు. అంచుల్లో గునపం ఠంగుమంది. పది అడుగులు, ఇరవై, నలభై, ఠంగుమంటూనే ఉంది.  నడుమకి వచ్చేసరికి చప్పుడు మారింది. దిగబడలేదు గానీ ఠంగుమనలేదు. ఎవరో ఒట్టి పీపా తట్టినట్టు వినిపించింది.

వెనక్కి తిరిగి అమ్మమ్మను చూశాను. ఆవిడా విన్నది.

"పక్కకి జరుగు. దాన్ని చూడనియ్యి" అంది.

నేను పక్కకి తప్పుకోబోయి ఆగాను. పక్కకి అంటే వదులు మంచులోకే. ముందుకెళ్లి అవతల నిలబడ్డాను. అమ్మమ్మ పగ్గం వదులు చేసింది. ఫరీన్ తల కిందికి వంచి, బాటను వాసన చూసింది. ముక్కుతో మంచు మీద ఊదింది. కుడి కాలు ముందుకు పెట్టింది. బరువు వెయ్యబోయి ఆగింది. కాలు వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. ఈసారి పూర్తిగా తీసేసి, చెవులు వెనక్కి వేసి, అక్కడే నిలబడిపోయింది.

అదిలిస్తే కదిలేదేమో. నేను పగ్గం పట్టుకుని ఉంటే అదిలించి ఉండేదాన్ని. నాలుగు వందల బకెట్లు కళ్ల ముందే ఉన్నాయి, తక్కువైంది మూడంగుళాల గట్టిదనమే. అమ్మమ్మ అదిలించలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, దాని జూలు సవరించింది.

"సరే" అంది దానితో. "సరేలే తల్లీ. నువ్వు చెప్పావు, నేను విన్నాను."

ఆ ఇరుకు బాట మీద గుర్రాన్ని వెనక్కి తిప్పడం కుదరదు. నలభై అడుగులు వెనక్కి వెనక్కే నడిపించింది, ఒక్కొక్క కాలూ చూసుకుంటూ. గట్టు చేరాక ఇద్దరూ ఆవిరి కక్కుతున్నారు. నేను ఒక్కదాన్నే అవతల నిలబడ్డాను.

"అక్కడేం చూస్తున్నావు?" అని అరిచింది. "ఇంటికి పోయి కావళ్లు తియ్యి. అటక మీద ఉంటాయి."

పీపా బండిని ఇవతలి గట్టున నిలబెట్టాం. చెట్ల నుంచి చిత్తడి దాకా, చిత్తడి మీదుగా బండి దాకా మోత మనుషులదే. మెడకు పట్టేలా చెక్కిన పాత కావడి, రెండు చివర్లా రెండు బకెట్లు. మొదటి రోజు సాయంత్రానికి నా భుజాలు నావి కావనిపించింది. ఆ రాత్రికి యూక్లిడ్‌కి సంగతి తెలిసింది, తాత ఫోన్ చేసి ఉంటాడు. మరునాడు పొద్దున తన తండ్రి కావడి భుజాన వేసుకుని వచ్చాడు.

"గుర్రం దాటని చోట మీరు దాటుతున్నారట. చూసి పోదామని వచ్చాను" అన్నాడు. ఏడు రోజులు చూసి పోయాడు, రోజుకి ముప్పై సార్లు మోస్తూ.

అన్నీ తేలేకపోయాం. వాలు పైభాగంలో నూట యాభై చెట్ల నీళ్లు బకెట్లు పొర్లి వేళ్లలోకి పోయాయి. వాటి వైపు వెళ్లినప్పుడు నేను తల ఎత్తేదాన్ని కాదు.  డాక్టరు మాట ప్రకారం అమ్మమ్మ మోయకూడదు. ఆవిడ మోసిన బకెట్లు చిన్నవని, కాబట్టి అది మోత కిందికి రాదని వాదించింది.

ఐదో రోజో ఆరో రోజో, ఎండ బాగా కాస్తోంది. బాట మీద నీళ్లు ఊరుతున్నాయి. నేను ముందు, అమ్మమ్మ వెనక, ఆ వెనక యూక్లిడ్. చిత్తడి నడిమికి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే, ఫరీన్ కాలు వెనక్కి తీసుకున్న చోటే అమ్మమ్మ బకెట్లు కిందపెట్టి నిలబడి ఉంది.

"అమ్మమ్మా, అక్కడ ఆగకు. ఇంకో నలభై అడుగులు వేస్తే గట్టు."

"ఊపిరాడటం లేదే."

"అక్కడ మెత్తగా ఉంది."

"తెలుసు. తొక్కింది నేనే కదా, నాకు తెలియదా?" శాలువా వదులు చేసుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంది. తర్వాత మంచు చెప్పుతో ఆ చోటును రెండు సార్లు గట్టిగా తొక్కి చూసింది. నీళ్లు చిమ్మాయి. బాట కదల్లేదు. "గుర్రాన్ని మోయలేదు గానీ, నన్ను మోస్తోంది. నిన్నూ మోస్తుంది. యూక్లిడ్‌ని మోస్తే మాత్రం దానికి దణ్ణం పెట్టాలి."

"నేను విన్నాను" అన్నాడు వెనక నుంచి యూక్లిడ్.

"వినాలనే అన్నాను" అంది అమ్మమ్మ. వంగి కావడి ఎత్తుకుని, నన్ను బకెట్ అంచుతో పొడిచి, "నడు, అడుగు పక్కన అడుగు వెయ్యి" అంది.